ఆటిజం ఉన్న పిల్లలు పదే పదే గొంతుతో శబ్దాలు చేస్తుంటే ఏం చేయాలి?

"గొంతులో ఏమీ లేదని డాక్టర్ చెప్పేశారు. సిరప్‌లు వాడినా తగ్గలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. వద్దంటే ఇంకా ఎక్కువ చేస్తున్నాడు. ఎలా మాన్పించాలి?"

గొంతు సవరించుకోవడం కాకపోతే ముక్కు ఎగబీల్చడం, అదీ కాకపోతే కీచుమని అరవడం, 'హుఁ హుఁ' అనడం. శబ్దం మారుతుంది గానీ అందరూ అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ, సగం చెప్పి సగం మరిచిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. మా అబ్బాయికి ఇప్పుడు 13 ఏళ్లు. మూడో ఏట ఆటిజం అని తెలిసింది, ఆరో ఏట టిక్స్ (తన ప్రమేయం లేకుండా ఉన్నట్టుండి వచ్చే శబ్దాలు, కదలికలు) మొదలయ్యాయి. నేను డాక్టర్‌ని కాను, థెరపిస్ట్‌ని కాను. వాళ్లు మాకు నేర్పినవి, మేం ఇంట్లో చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం. మాన్పించడాన్ని లక్ష్యంగా పెట్టుకోకండి. శబ్దం ఉన్నా పిల్లాడు చదువుకోగలగాలి, ఆడుకోగలగాలి, నిద్రపోగలగాలి, నలుగురిలో సిగ్గుపడకుండా ఉండగలగాలి. ఇవి కుదిరితే చాలాసార్లు శబ్దం కూడా దానంతట అదే తగ్గుతుంది. ఆపించడమే పనిగా పెట్టుకుంటే మాత్రం మొదటికే మోసం వస్తుంది.

కావలసినవి

- ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్. ఫోన్‌లో రాసుకున్నా సరే, కాగితం మీదైతే చటుక్కున గీత గీయవచ్చు.
- వీడియో తీయడానికి ఫోన్.
- పది నిమిషాలకు మోగే టైమర్.
- నాలుగైదు బొమ్మల కార్డులు: 'విరామం కావాలి', 'చెవులు మూసుకోవాలి', 'మెల్లగా ఊపిరి' లాంటివి. మీరే గీసినా చాలు.
- ఇంట్లో పెద్దవాళ్లందరూ ఒకే తీరున ఉంటామన్న ఒప్పందం. అన్నిటికన్నా కష్టమైంది ఇదే.
- రెండు మూడు నెలల ఓపిక. వారంలో ఫలితం చూపించేది ఇందులో ఏదీ లేదు.

1. ఆ శబ్దం అసలు ఏమిటో తేల్చుకోండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆటిజం ఉన్న పిల్లలు చేసే ప్రతి శబ్దమూ టిక్ కాదు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి హాని చేస్తుంది. కాబట్టి ఈ దశ మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు.

టిక్ ఉన్నట్టుండి వస్తుంది, చిన్నగా ఉంటుంది, ఠక్కున అయిపోతుంది. ఒకే శబ్దం అచ్చం ఒకేలా మళ్లీ మళ్లీ వస్తుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో గులగుల ఉంటుందే, అలాంటిదే గొంతులోనో ఛాతీలోనో పుడుతుంది. శబ్దం చేశాక క్షణం పాటు హాయిగా ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ గులగులను గుర్తుపట్టి చెప్పడం మామూలుగా 8 నుంచి 10 ఏళ్ల మధ్య వస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలకు ఒంట్లో ఏం జరుగుతోందో గుర్తుపట్టడం కష్టం కాబట్టి ఇంకా ఆలస్యం కావచ్చు. టిక్స్ ఎక్కువగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలై, 10 నుంచి 12 ఏళ్ల మధ్య బాగా పెరిగి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తాయి. మధ్యలో కొన్ని వారాలు పెరగడం, కొన్ని వారాలు మాయమవడం, ఒక శబ్దం పోయి ఇంకోటి రావడం వాటి స్వభావం. చాలామందికి కళ్లు ఆర్పడం, భుజం ఎగరేయడం లాంటి కదలికలు ముందు వచ్చి, ఆ తర్వాత శబ్దాలు వస్తాయి.

స్టిమ్మింగ్, అంటే హాయి కోసమో తనను తాను కుదుటపరచుకోవడానికో ఒకే శబ్దాన్ని, కదలికను మళ్లీ మళ్లీ చేయడం, వేరు. అది చాలా చిన్నప్పుడే, మూడేళ్లలోపే కనిపిస్తుంది. ఒక లయలో, చాలాసేపు సాగుతుంది. పిల్లాడు ఆనందంగా ఉన్నప్పుడో, చుట్టూ గోల ఎక్కువైనప్పుడో, ఏమీ తోచనప్పుడో వస్తుంది. ముఖం చూస్తే తెలిసిపోతుంది: స్టిమ్మింగ్‌లో ఉన్న పిల్లాడు తన లోకంలో తాను ఉంటాడు, టిక్ వచ్చిన పిల్లాడు చేస్తున్న పని మధ్యలో ఉలిక్కిపడ్డట్టు ఉంటాడు. ఇది నూటికి నూరుపాళ్లు పనిచేసే గుర్తు కాదు. ఒకే పిల్లాడిలో రెండూ ఉండవచ్చు. మా వాడికి రెండూ ఉన్నాయి. సంతోషమొస్తే 'ఈఈఈ' అని సాగదీస్తాడు, అది స్టిమ్. లెక్కలు చేస్తూ మధ్యలో 'హుఁక్' అంటాడు, అది టిక్.

ఎకోలాలియా అంటే విన్న మాటలను తిరిగి అనడం. టీవీలో విన్న వాక్యం, టీచర్ అన్న మాట. అది చాలాసార్లు మాట్లాడే ప్రయత్నమే. 'నీళ్లు కావాలా?' అని మీ అమ్మాయి మిమ్మల్నే అడుగుతోందంటే తనకు దాహం వేస్తోందని అర్థం కావచ్చు. దాన్ని టిక్ అనుకుని పట్టించుకోకపోతే ఆమె మాటను తోసేసినట్టే. బూతు మాటల విషయంలోనూ ఇలాగే చూడండి. టూరెట్ సిండ్రోమ్ (కదలికల టిక్స్, శబ్దాల టిక్స్ రెండూ ఏడాదికి పైగా ఉండే స్థితి) అనగానే అందరికీ బూతులే గుర్తొస్తాయి గానీ, అలా జరిగేది అది ఉన్న పదిమందిలో సుమారు ఒకరికే. మీ వాడు ఎక్కడో విన్న మాటను తిరిగి అంటున్నాడేమో ముందు చూడండి.

'సరిగ్గా మూడుసార్లు అనాలి, లేకపోతే ఏదో అవుతుంది' అన్న భయంతో చేస్తుంటే అది ఓసీడీ (భయం పోగొట్టుకోవడానికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయాల్సి వచ్చే మానసిక సమస్య) వైపు వెళ్తుంది. దాని చికిత్స వేరు.

ఇక ఒంటి బాధలు. అలర్జీ, ఆస్తమా, సైనస్, కడుపులోంచి ఆమ్లం పైకి తన్నడం, టాన్సిల్స్, పంటి నొప్పి, చెవి నొప్పి: వీటన్నిటికీ పిల్లలు శబ్దాలు చేస్తారు. మాటలు రాని పిల్లలైతే నొప్పి చెప్పుకునే దారి అదొక్కటే. శబ్దంతో పాటు చెవి పట్టుకోవడం, తల కొట్టుకోవడం, తిండి మానేయడం, రాత్రి లేచి ఏడవడం ఉంటే ముందు నొప్పిని అనుమానించండి.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

- శబ్దం వస్తున్నప్పుడు చూపు ఒకచోట నిలిచిపోవడం, స్పృహలో లేనట్టు ఉండటం, ఆ తర్వాత నీరసంగా నిద్రపోవడం. ఇవి ఫిట్స్ కావచ్చు. ఆటిజం ఉన్న పిల్లలకు ఫిట్స్ వచ్చే అవకాశం మిగతా పిల్లలకన్నా ఎక్కువ. మన పిల్లలు మామూలప్పుడే పేరు పిలిస్తే పలకరు కదా, కాబట్టి పేరు పిలిచి చూస్తే తేలదు. చేయి తాకండి, వాడికి బాగా ఇష్టమైన వస్తువు కళ్ల ముందు పెట్టండి. దానికీ స్పందన లేకపోతే వీడియో తీసి చూపించండి.
- నిద్రలో పదే పదే ఒకే రకంగా శబ్దం, దానితో పాటు కాళ్లు చేతులు కొట్టుకోవడం.
- నిన్నటిదాకా బాగున్న పిల్లాడికి ఒకటి రెండు రోజుల్లోనే టిక్స్ విపరీతంగా రావడం, దానికి తోడు తీవ్రమైన భయాలు, తినకపోవడం, ప్రవర్తన పూర్తిగా మారిపోవడం.
- వచ్చిన మాటలు పోవడం.
- ఊపిరి అందకపోవడం, మింగలేకపోవడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం.
- కొత్త మందు మొదలుపెట్టాకో, డోసు మార్చాకో శబ్దాలు రావడం. మందు మీరే ఆపేయకండి, రాసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి.

2. వీడియోతో డాక్టర్‌కు చూపించండి

డాక్టర్ గదిలో కూర్చోగానే టిక్స్ మాయమవుతాయి. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. అందుకని వేరు వేరు వేళల్లో నాలుగైదు వీడియోలు, ఒక్కోటి నిమిషం చొప్పున తీసుకెళ్లండి. పిల్లాడి ముఖానికి ఎదురుగా పెట్టి తీయకండి. ఫోన్‌ను పక్కన ఎక్కడో నిలబెట్టి వదిలేయండి. ముఖమూ చేతులూ కలిపి కనబడాలి. ఒక వీడియో నిద్రలో తీయండి.

ముందు పిల్లల డాక్టర్, అవసరమైతే ఈఎన్‌టీ, ఆ తర్వాత పిల్లల న్యూరాలజిస్ట్ లేదా పిల్లల సైకియాట్రిస్ట్. టిక్స్ ఏడాది లోపు ఉంటే ఒక పేరు, ఏడాది దాటితే ఇంకో పేరు పెడతారు. కదలికలు రెండైనా, శబ్దం కనీసం ఒకటైనా ఉండి ఏడాది దాటితే టూరెట్ అంటారు. పేరు విని కంగారు పడకండి. టిక్‌ను నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. అడిగి, చూసి తేలుస్తారు. ఫిట్స్ అనుమానం ఉంటే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీయిస్తారు.

3. రెండు వారాలు లెక్క రాయండి, ఇంకేమీ చేయకండి

రోజూ ఒకే మూడు వేళలు ఎంచుకోండి: స్కూలు నుంచి వచ్చాక, హోంవర్క్ వేళ, పడుకునే ముందు. ఒక్కోసారి పది నిమిషాలు టైమర్ పెట్టి, శబ్దం వచ్చినప్పుడల్లా ఒక గీత. రోజంతా లెక్కపెట్టాలని చూడకండి, రెండో రోజుకే విసుగొచ్చి మానేస్తారు.

గీతల పక్కన మూడు మాటలు రాయండి. ముందు ఏం జరిగింది? శబ్దం వచ్చాక చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేశారు? ఆ రాత్రి నిద్ర ఎలా ఉంది?

మా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఇప్పటికీ దాచుకున్నాను. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక పది నిమిషాల్లో 41 గీతలు. అదే సాయంత్రం రంగుల పెన్సిళ్లతో రైలు బొమ్మ గీస్తున్నప్పుడు పది నిమిషాల్లో మూడే. హోంవర్క్ వేళ: 28. పక్కన నా రాతే ఉంది: 'ఆపమన్నాను. తర్వాత ఇంకా పెరిగింది.' వరసగా తొమ్మిది రోజులు దాదాపు అదే మాట రాసుకున్నాను. అప్పటిదాకా వాడు నన్ను విసిగించడానికే చేస్తున్నాడని లోపల ఎక్కడో అనుకునేదాన్ని. ఆ తొమ్మిది పేజీలు తిరగేశాక ఇక అనుకోలేదు.

ఒక జాగ్రత్త: మీరు లెక్కపెడుతున్నట్టు పిల్లాడికి తెలియకూడదు. టిక్స్ గురించి మాట్లాడినా, వాటినే గమనిస్తున్నట్టు అనిపించినా అవి పెరుగుతాయి. కూరల లిస్టు రాసుకుంటున్నట్టు రాయండి చాలు.

4. ఇంట్లో అందరూ ఒకే తీరున ఉండండి

శబ్దం వచ్చినప్పుడు ఏమీ అనకండి. 'ఆపు', 'మళ్లీనా?', 'గొంతు పోతుంది' ఏవీ వద్దు. కళ్లెర్ర చేయడం, నిట్టూర్చడం, ఇంకొకరి వైపు చూసి తల ఊపడం కూడా అనడమే. పిల్లలు మాటకన్నా ముందు ముఖం చదువుతారు. ఆటిజం ఉన్న పిల్లలు ముఖాలు చూడరని అంటారు గానీ, విసుక్కున్న ముఖం మాత్రం వాళ్లకు ఎలాగో తెలిసిపోతుంది. ఇది నా అనుభవం.

బుజ్జగించడం, మంచినీళ్లు తెచ్చివ్వడం, హోంవర్క్ మానిపించడం కూడా ప్రతిసారీ చేయకండి. శబ్దం రాగానే కష్టమైన పని తప్పిపోతోందంటే, తెలియకుండానే ఆ శబ్దం ఇంకా గట్టిపడుతుంది. పిల్లాడు కావాలని చేస్తున్నాడని కాదు, ఒళ్లు అలా నేర్చుకుంటుంది. విరామం కావాలంటే కార్డు చూపించడం నేర్పండి. కార్డుకు విరామం ఇవ్వండి, శబ్దానికి కాదు.

పట్టించుకోకూడనిది శబ్దాన్ని, పిల్లాడిని కాదు. 'ఇగ్నోర్ చేయమన్నారు' అని కొందరు పిల్లాడు పిలిచినా పలకడం మానేస్తారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మాట మధ్యలో టిక్ వస్తే ఆగి, అది అయ్యాక మాట కొనసాగించండి. తుమ్ము వస్తే ఏం చేస్తాం? అంతే.

తాతయ్యలకు, అమ్మమ్మలకు, బంధువులకు ఒక్క వాక్యం తయారుగా పెట్టుకోండి: "వాడి చేతిలో లేదు, కనురెప్ప కొట్టుకున్నట్టే వస్తుంది, మనం చూడనట్టుంటే తగ్గుతుంది." మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది, చెప్పండి.

తోబుట్టువులను మరిచిపోకండి. పక్కన రోజంతా శబ్దం వింటూ చదువుకోవడం వాళ్లకు నిజంగానే కష్టం. 'అన్న కదా, సర్దుకో' అని ఊరుకోకండి. లేచి వేరే గదికి వెళ్లే హక్కు వాళ్లకివ్వండి, హెడ్‌ఫోన్స్ ఇవ్వండి, రోజూ కొంతసేపు వాళ్లతో మాత్రమే కూర్చోండి.

5. టిక్‌ను పెంచే పరిస్థితులను మార్చండి

నోట్‌బుక్ చూస్తే ఎక్కడ ఎక్కువగా ఉందో మీకే కనబడుతుంది. ఎక్కడ ఎక్కువుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒకేసారి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

స్కూలు నుంచి రాగానే ఎక్కువగా ఉంటే, రాగానే అరగంట ఎవరూ ప్రశ్నలు వేయకండి. హోంవర్క్ వద్దు, 'ఇవాళ ఏం చెప్పారు?' వద్దు. చాలామంది పిల్లలు క్లాసులో టిక్స్‌ను బిగబట్టుకుని కూర్చుంటారు. ఇల్లు చేరాక వదులుతారు. ఇంట్లో ఎక్కువ చేస్తున్నాడంటే మీ పెంపకంలో లోపమని కాదు, ఇక్కడ వాడికి భయం లేదని.

హోంవర్క్‌లో ఎక్కువగా ఉంటే దాన్ని చిన్న ముక్కలు చేయండి: పది నిమిషాల పని, మూడు నిమిషాల కదలిక. గెంతడం, గోడను రెండు చేతులతో నెట్టడం, బరువైన పుస్తకాలు మోయడం.

నిద్ర తక్కువైన మర్నాడు గీతలు పెరిగితే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు నిద్ర సరిచేయండి. వెలుతురు, హోరు, గుచ్చుకునే బట్ట, ముందు చెప్పకుండా ప్లాన్ మార్చడం: ఇవి మన పిల్లల్లో టెన్షన్ పెంచేవి, టెన్షన్ టిక్స్‌ను పెంచుతుంది. రేపు ఏం జరగబోతోందో బొమ్మల్లో చూపించే చిన్న చార్ట్ ఒక్కటి పెట్టినా తేడా కనబడవచ్చు. పండగలు, ప్రయాణాలు లాంటి సంతోషపు హడావిడి కూడా టిక్స్‌ను పెంచుతుంది, కంగారు పడకండి.

ఆ శబ్దం స్టిమ్మింగ్ అని తేలితే ఆపే ప్రయత్నమే వద్దు. దానికి చోటూ వేళా చూపించండి. 'గదిలో ఎంత గట్టిగా అయినా, క్లాసులో కార్డు చూపించి బయట' అన్నట్టు. కూనిరాగం తీయడం, నమలడానికి చేసిన రబ్బరు గొట్టం, హెడ్‌ఫోన్స్‌లో పాట కొందరికి పనికొస్తాయి. ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను అడగండి.

6. టిక్‌కు ఎదురుగా ఇంకో పని నేర్పండి

పిల్లాడికి కొంత అర్థం చేసుకునే శక్తి, తనకు ఈ టిక్ ఇబ్బందిగా ఉందన్న భావన, నేర్చుకోవాలన్న ఇష్టం ఉంటేనే ఈ దశ. ఈ మూడింటిలో ఏది లేకపోయినా 4, 5 దశలతోనే ఆగండి. అవే సగం పని చేస్తాయి.

అలవాటును తిప్పికొట్టే ఈ పద్ధతిని 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ప్రచురించారు. దాని మీద కట్టిన, టిక్స్ కోసం చేసే ప్రవర్తన చికిత్సే ఇప్పుడు సీబిట్ (CBIT) అనే పేరుతో ఉంది. 2010లో 9 నుంచి 17 ఏళ్ల మధ్య 126 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో పది వారాల్లో సీబిట్ తీసుకున్నవాళ్లలో సగానికి కాస్త పైగా బాగా మెరుగయ్యారు. మామూలు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరి కన్నా తక్కువ మందే మెరుగయ్యారు. ఆ లెక్క ఆటిజం పిల్లల కోసం ప్రత్యేకంగా తీసింది కాదు. మన పిల్లలకు నెమ్మదిగా, బొమ్మలతో, చిన్న చిన్న మెట్లుగా చెప్పాలి. వీలైతే శిక్షణ ఉన్న థెరపిస్ట్‌తో చేయండి, ఆన్‌లైన్‌లో కూడా చేస్తారు. దొరక్కపోతే ఇంట్లో ఇలా మొదలుపెట్టవచ్చు:

అ) ఒక్క టిక్‌నే ఎంచుకోండి. మీకు చిరాకు తెప్పించేది కాదు, పిల్లాడికి ఎక్కువ ఇబ్బంది కలిగించేది.

ఆ) ఊపిరిని ముందు టిక్ లేని వేళ నేర్పండి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద ఒక చిన్న బొమ్మ పెట్టండి. నోరు మూసి, ముక్కుతో మెల్లగా పీల్చినప్పుడు బొమ్మ పైకి లేవాలి, మెల్లగా వదిలినప్పుడు కిందికి దిగాలి. మా వాడు మొదట్లో బొమ్మను పడగొట్టడానికే గట్టిగా పీల్చేవాడు. 'రైలు స్టేషన్‌లోకి మెల్లగా వస్తోంది, మెల్లగా వెళ్తోంది' అన్నాక కుదురుకున్నాడు. మీ పిల్లాడికి ఏది ఇష్టమో దాంతో చెప్పండి. పడుకుని చేయడం వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి. దీనికే మాకు మూడు వారాలు పట్టింది.

ఇ) టిక్ వచ్చే ముందు గొంతులో ఎలా ఉంటుందో అడగండి. 'ఎలా ఉంది?' అంటే చెప్పలేరు. మనిషి బొమ్మ గీసి 'ఎక్కడ?' అని రంగు వేయమనండి. 'చీమ పాకినట్టా? గుచ్చుకున్నట్టా? బిగుసుకున్నట్టా?' అని రెండు మూడు మాటలిచ్చి ఎంచుకోమనండి. ఏమీ తెలియదంటే ఒత్తిడి చేయకండి, టిక్ వచ్చిన వెంటనే ఊపిరి మొదలుపెట్టినా సరే.

ఈ) ఆ గులగుల రాగానే, లేదా టిక్ రాగానే, మెల్లటి ఊపిరి. ఒక నిమిషం పాటు, లేదా గులగుల తగ్గేదాకా, ఏది ఎక్కువైతే అంతసేపు. గొంతు సవరించుకునే టిక్‌కు నోరు మూసి ముక్కుతో ఊపిరి. ముక్కు ఎగబీల్చే టిక్‌కు నోటితో మెల్లగా పీల్చడం. సూత్రం ఒక్కటే: ఎదురుగా చేసే పని, టిక్ రెండూ ఒకేసారి చేయడం కుదరకూడదు, చూసేవాళ్లకు తేడా తెలియకూడదు.

ఉ) రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, హాయిగా ఉన్న వేళ సాధన. సాధన చేసినందుకు స్టిక్కర్ ఇవ్వండి. టిక్ రానందుకు ఇవ్వకండి. రానందుకు ఇస్తే, వచ్చిన రోజు వాడు ఓడిపోయినట్టే అనుకుంటాడు.

ఏడుస్తున్నా, అలిసిపోయినా, ఊపిరి బిగబట్టి తల తిరుగుతోందన్నా ఆపేయండి. రేపు చేయవచ్చు.

7. స్కూల్లో చెప్పండి

పిల్లాడు ఒప్పుకుంటేనే తోటి పిల్లలకు చెప్పాలి. టీచర్‌కు మాత్రం తప్పక చెప్పాలి, అదీ మొదటి ఫిర్యాదు రాకముందే. ఒక పేజీ రాసివ్వండి: ఏ శబ్దం వస్తుంది, అది చేతిలో లేనిది, అందరి ముందు ఆపమంటే పెరుగుతుంది, కార్డు చూపిస్తే ఐదు నిమిషాలు బయటికి పంపండి. ముందు బెంచీ మంచిదనుకుంటారు, అక్కడ కూర్చుంటే క్లాసంతా వెనక నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. పక్కగా, తలుపు దగ్గర నయం. పరీక్షలకు వేరే గది అడగండి. శబ్దం ఆపుకుంటూ కూర్చున్న పిల్లాడికి పాఠం బుర్రకెక్కదు, ధ్యాసంతా బిగబట్టడం మీదే ఉంటుంది. ఈ మాట టీచర్‌కు అర్థమైతే మిగతావి సులువు.

8. మందులు

టిక్ ఉందని మాత్రమే మందు అక్కర్లేదు. గొంతు నొప్పి వచ్చేంతగా, నిద్ర, చదువు, స్నేహాలు దెబ్బతినేంతగా ఉండి, పై పద్ధతులు చాలకపోతే డాక్టర్ ఆలోచిస్తారు. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ రకాలు మగత తెప్పించవచ్చు, బీపీ తగ్గించవచ్చు. క్లోనిడిన్‌ను ఉన్నపళంగా ఆపేస్తే బీపీ ఒక్కసారిగా పెరిగే ప్రమాదం ఉంది. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ రకాలతో ఆకలి, బరువు పెరగవచ్చు, అందుకే బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తూ ఉంటారు. ఏ మందైనా టిక్స్‌ను తగ్గిస్తుందే గానీ వేళ్లతో పెకలించదు. మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగండి: ఎన్ని వారాల్లో తేడా తెలియాలి, తెలియకపోతే ఏం చేస్తాం, ఏ లక్షణం కనిపిస్తే మీకు ఫోన్ చేయాలి?

స్టెమ్ సెల్స్ ఎక్కిస్తామనీ, ఒంట్లోని లోహాలు తీసేస్తామనీ చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. వాటితో టిక్స్ గానీ ఆటిజం గానీ తగ్గుతాయన్న రుజువు లేదు. లోహాలు తీసే మందులు ప్రాణం మీదికి తెస్తాయి.

తరచూ జరిగే పొరపాట్లు

టిక్ బాగా పెరిగిన వారంలోనే మనం ఏదో ఒకటి మొదలుపెడతాం. పెరిగింది ఎలాగూ తగ్గుతుంది కాబట్టి మొదలుపెట్టిందే పనిచేసిందనుకుంటాం. నెల తిరిగేసరికి మళ్లీ పెరిగితే అది పాడైందనుకుని ఇంకోటి మొదలుపెడతాం. ఇలా ఏడాదిలో పది మార్చినవాళ్లు నాకు తెలుసు. ఒక మార్పు చేశాక కనీసం నాలుగు వారాలు ఆగండి.

'ఇందాక కాసేపు ఆపగలిగావు కదా, ఇప్పుడెందుకు ఆపలేవు?' అనడం ఇంకోటి. తుమ్మును కాసేపు ఆపుకోవచ్చు, రోజంతా ఆపుకోలేం. ఈ మాట విన్న పిల్లాడికి తనది తప్పనే అనిపిస్తుంది.

వచ్చినవాళ్ల ముందు అనుకరించి చూపించడం. 'ఇలా అంటాడండీ' అని మనం చేసి చూపిస్తాం. అలా చేయకండి, వీడియో చూపించండి, అదీ పిల్లాడు లేనప్పుడు.

మాటలు రాని పిల్లాడి శబ్దాలన్నిటినీ టిక్ లెక్కలో వేయడం. వాటిలో పిలుపు ఉంటుంది, వద్దనడం ఉంటుంది, నొప్పి ఉంటుంది. స్పీచ్ థెరపిస్ట్‌తో కలిసి విడదీసుకోండి. బొమ్మలతోనో, ట్యాబ్‌తోనో అడిగే దారి దొరికాక కొన్ని శబ్దాలు వాటంతట అవే తగ్గడం చాలా ఇళ్లలో చూశాను.

పనిచేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి?

ఒక రోజును ఇంకో రోజుతో పోల్చకండి. వారం మొత్తం గీతలు కూడి, ఏడుతో భాగించి, మొదటి రెండు వారాల సగటుతో పోల్చండి. ఎనిమిది వారాలకోసారి చూసుకుంటే చాలు. సంఖ్య ఒక్కటే కాదు, గట్టితనం కూడా రాయండి: పక్క గదిలోకి వినిపిస్తోందా, పక్కనున్నవాళ్లకు మాత్రమేనా?

దాని పక్కనే ఇంకో నాలుగు ప్రశ్నలు రాసుకోండి. హోంవర్క్ ఎంతసేపు కూర్చున్నాడు? ఎన్ని గంటలకు నిద్రపోయాడు? ఎవరితోనైనా ఆడాడా? గొంతు నొప్పి అన్నాడా? గీతలు తగ్గకపోయినా ఈ నాలుగూ బాగుపడుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు. గీతలు తగ్గి, పిల్లాడు ముభావంగా మారి, గోళ్లు కొరుక్కుంటూ, రాత్రుళ్లు ఏడుస్తుంటే అది మెరుగు కాదు. బిగబట్టుకుంటున్నాడు. వెంటనే 6వ దశ ఆపి 4, 5 దశలకు తిరిగి రండి.

తగ్గాక కొన్ని నెలలకు కొత్త శబ్దం రావచ్చు. మా ఇంట్లో 'హుఁక్' పోయిన నాలుగు నెలలకు ముక్కు ఎగబీల్చడం మొదలైంది. అప్పుడు పాత మందు సీసాలు వెతక్కండి. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, జలుబో అలర్జీయో కాదని చూసుకుని, మళ్లీ 1వ దశ నుంచి మొదలుపెట్టండి. రెండోసారి మాకు లెక్క రాయడం వారంలో అయిపోయింది, ఊపిరి వాడికి ముందే వచ్చు.